మడమ అరగని బూట్లు

"ఇవి కుట్టను," అన్నాడు మేస్త్రి, చిట్టి బూట్ల జతను వెనక్కి జరిపి.

వీధి చివర, మెట్ల కింద ఇరుకు గది. మైనం పట్టించిన దారం, తోలు ముక్కలు, పాలిష్ వాసన.

బడి తెరిచే ముందు రోజు పిల్లలంతా ఆ గుమ్మం ముందు వరస కట్టేవాళ్ళు. కొడుకు బూట్లు తెచ్చిన ఈ తండ్రి కూడా ఒకప్పుడు ఆ వరసలో నించున్నవాడే.

మేస్త్రి పని బంగారం. మనిషే, మొహం చూసి మాట్లాడడు. వీధంతా 'ముంగి మేస్త్రి' అనేది.

"కొని మూడు నెలలు కాలేదు. ఏమైంది?" అన్నాడు తండ్రి.

"ముందువైపు చిల్లులు పడ్డాయి. మడమలు కొత్తగానే ఉన్నాయి. బాబు మునివేళ్ళ మీదే నడుస్తాడా?"

"రెండేళ్ళవాడు. ఆటలు."

"పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా?"

తండ్రి చేతి గడియారం చూసుకున్నాడు.

"కావలసింది వేలెత్తి చూపిస్తాడా?"

"చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. అయితే ఏంటట?"

"డాక్టరుకి చూపించు. ఆలస్యం చెయ్యకు." ఆ మాటా బూట్లతోనే చెప్పాడు.

తండ్రికి ఒళ్ళు మండింది.

"మగపిల్లలకి మాట ఆలస్యం. మా నాన్నకీ నాలుగేళ్ళకి గాని రాలేదట. బూట్లు చూసి జాతకం చెప్పేవాణ్ణి నిన్నే చూస్తున్నా!"

మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. కొత్త జత కొన్నాడు. అదీ అలాగే అరిగింది. ఆ తర్వాతదీ అంతే.

బాబుకి ఐదేళ్ళు నిండాక డాక్టరమ్మ చెప్పింది, ఆటిజం అని.

"భయపడకండి, నేర్చుకుంటాడు. రెండేళ్ళప్పుడే తెచ్చుంటే వాడికి ఇంత కష్టమయ్యేది కాదు. ఎవరూ చెప్పలేదా?"



ఆ సాయంత్రమే తండ్రి బాబు చెయ్యి పట్టుకుని మేస్త్రి వీధికి వెళ్ళాడు. తప్పయిందని చెప్పుకోవాలి.

పాలిష్ వాసన ఇంకా ఉంది. ఎంత హాయైన వాసన! చిన్నతనమంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగింది.

లోపల ఒక ముసలామె పనిముట్లు మూట కడుతోంది.

"తమ్ముడు పోయి నెలైంది నాయనా. నీకూ పిల్లాడి సంగతి చెప్పాడా? నీలాంటివాళ్ళు చాలామందే వచ్చి దణ్ణం పెట్టి వెళ్తున్నారు."

తండ్రి గుమ్మంలోనే చేతులు జోడించాడు.

"ఇదంతా ఎక్కడ చదువుకున్నాడమ్మా?"

"చదువెక్కడిది నాయనా! ఆరేళ్ళొచ్చినా మాట రాక, బడివాళ్ళు వద్దంటే, మా నాన్న తెచ్చి ఈ మూల కూర్చోబెట్టిన పిల్లాడే మా తమ్ముడు."