ఎర్రక్క నక్కలవేట

"ముందు జరిగింది వెనక చెబుతానేమో, ఏమీ అనుకోకండి," అంటూ మొదలుపెట్టింది మందకు కాపలా కాసే ముసలి కుక్క ఎర్రక్క. గొర్రెపిల్లలు చుట్టూ చేరాయి. కాపలా ఎర్రక్కకే ఉంచాలా, దాని చెల్లెలి కూతురు చుక్కికి ఇవ్వాలా అన్నది తల్లిగొర్రెలు ఆ పూటే తేల్చబోతున్నాయి.

"నక్కల వేటంటే రాత్రిపూటే వేట. చీకట్లో నక్కకు నేను కనబడను."

"నీకు నక్క కనబడుతుందా అవ్వా?" అంది ఒక పిల్ల.

"కనబడదు. అయితేనేం? పగలైతే పదిమందీ చూస్తారు. చీకట్లో మనం చెప్పిందే వేట!" అనేసి ఎర్రక్క నాలుక కరుచుకుంది. "నిన్న రాత్రి కంచె దగ్గర ఏదో కదిలింది. ఒక్క దూకు దూకి చెవి పట్టేశాను. కుయ్యోమంటూ పారిపోయింది పాపిష్టి నక్క!"

పిల్లలు కేరింతలు కొట్టాయి. అంతలో చుక్కి వచ్చి నిలబడింది. దాని కుడిచెవి సగానికి చిరిగి ఉంది.

"నాకేం నొప్పి లేదులే పెద్దమ్మా," అంది చుక్కి మెల్లగా.

ఎర్రక్క ఆ చెవిని చాలాసేపు చూసింది. తర్వాత లేచి, మంద వాకిట్లో తన కాపలా చోటు ఖాళీ చేసి, పక్కకు జరిగి కూర్చుంది.

"ఇలా కూర్చో తల్లీ. కథ బాగానే చెప్పాను గాని, అందులో పేర్లు ఒక్కసారి సరిచూసి పెట్టవే."