బెదురు చేప

"ఆ రెండూ కలిపి ఇవ్వనండి," అన్నాడు చేపల షాపు అబ్బాయి.

ఆమె మొహం గంటు పెట్టుకుంది. కావాలనే ఆ రెండూ ఎంచింది. నీలంది వేలెడంత కూడా లేదు, పక్కకు వచ్చిన ప్రతిదాన్నీ తోక పట్టుకుని తరుముతోంది. తెల్లటి ఒళ్ళూ ఎర్రటి తోకా ఉన్న రెండోది రాతి సందులోంచి తల బయటపెట్టడానికే జంకుతోంది. ఇంట్లో పెంచుకునే సముద్రపు చేపలకు పేరున్న షాపు అది. ఇంట్లో చిన్న ఉప్పునీళ్ళ తొట్టి ఉందనీ, ఆ రెండూ ఒకే సంచిలో కట్టిమ్మనీ అడిగింది.

నిజానికి ఇంట్లో తొట్టీ లేదు, గిట్టీ లేదు. ఆమె చూడ్డానికి వచ్చింది చేపల్ని కాదు, అబ్బాయిని. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కూతురు, చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానంది. ఇరువైపుల పెద్దవాళ్ళూ ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సాయంత్రానికల్లా అవుననో కాదనో తేల్చమన్నాడు భర్త. నీకు భయపడటానికి కారణం దొరక్కపోతే అదో భయం అని ఎగతాళి కూడా చేశాడు. ఆయనకేం, ఎన్నైనా అంటాడు. పిల్ల చూస్తే నోట్లో నాలుక లేనిది. ఎవరైనా కాస్త గొంతు పెంచితే కంచం ముందునుంచి లేచిపోతుంది. అలాంటిదాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవద్దా?

తొట్టి ఎంతది అని అబ్బాయి అడిగాడు. చేతులు బారెడు చాపింది. ఇంట్లో అంత చోటు లేదని గుర్తొచ్చి సగానికి దగ్గర చేసింది. నీళ్ళు ఎప్పుడు నింపారంటే, పొద్దున్నే నింపాననీ, వంటింటి ఉప్పే నాలుగు గుప్పిళ్ళు వేశాననీ చెప్పింది. నవ్వుతాడేమోనని అతని మొహంలోకే చూసింది. నవ్వలేదు. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదనీ, దీనికి వేరే ఉప్పు ఉంటుందనీ, కొత్తగా నింపిన నీళ్ళలో ఏ చేపా బతకదనీ, నెలపాటు ఆగాల్సిందేననీ ఓపిగ్గా చెప్పాడు.

ఆమెకు అది చాల్లేదు. తియ్యగా మాట్లాడేవాళ్ళంటే ఆమెకు మరీ భయం. కోపమొస్తే ఎలా ఉంటాడో తెలియాలి. అందుకని గొంతు పెంచింది. అమ్ముకోవడానికి కూర్చున్నావా, పాఠాలు చెప్పడానికి కూర్చున్నావా అంది. చేపలు చచ్చిపోతే నావే కదా, నీదేం పోయిందంది. పక్కనున్న ఇద్దరు కొనుగోలుదార్లు తిరిగి చూశారు.

అబ్బాయి లోపలికి వెళ్ళి ఒక స్టూలు తెచ్చి ఆమె ముందు వేశాడు.

"కూర్చుని తిట్టండి పిన్నిగారూ. నిలబడితే కాళ్ళు పీకుతాయి."

ఆమె కూర్చుంది. నవ్వు ఆపుకోవడానికి చేతిసంచిలో ఏదో వెతుక్కుంది. నీలం చేప వద్దులే, ఆ తెల్లదాని సంగతేమిటో చెప్పమంది.

అతను వంగి అద్దంలోంచి చూపిస్తూ, అది వింటే బెదురుతుందేమో అన్నట్టు గొంతు తగ్గించాడు. అది బెదురు చేపట. ఎవరైనా తరిమితే తొట్టిలోంచి బయటికి ఎగిరిపడుతుందట. చాలామంది పొద్దున లేచేసరికి నేలమీద ఎండిపోయి ఉంటుందట.

ఆ క్షణాన ఆమె కళ్ళకు కనిపించింది చేప కాదు.

"అయితే మూత బిగించి ఉంచాలా?"

"మూత ఉండాలండి. మూత ఉంది కదా అని వదిలేస్తే మాత్రం లోపలే మూతకు కొట్టుకుని చచ్చిపోతుంది. దూరడానికి తనకంటూ ఒక సందు ఉంటే, దానికి ఎగరాలనే అనిపించదు."

తొట్టిలోకి అన్నిటికంటే ముందు దాన్నే వదలాలన్నాడు. అది కుదురుకున్నాక, ఇసుకలో తన పాటికి తను మెసిలే బుల్లి చేప. ఆఖర్న కావాలంటే నారింజ రంగుది, తెల్ల చారలది. అది చెడ్డదేం కాదు గానీ, ముందొస్తే తొట్టంతా తనదే అనుకుంటుందట. చిన్న తొట్టికి ఆ మూడూ చాలట.

"ముందునుంచీ ఉన్నది తరిమితేనో?"

"తరిమేదాన్ని తీసి వేరే పెడతానండి. బెదిరేదాన్ని కాదు."

"ఆ తరిమేది నువ్వు ప్రాణంగా చూసుకునేదైతేనో?"

అబ్బాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాధేస్తుందండి," అన్నాడు. "అయినా దాన్నే తీస్తాను."

నెల తర్వాత తొట్టి నీళ్ళు ఒక సీసాలో తెస్తే పరీక్ష చేసిస్తానని అతను అంటుంటే ఆమె తలూపి బయటపడింది. సగం దూరం గాలిలో తేలినట్టు నడిచింది. మిగతా సగం దూరానికి కొత్త గుబులు పట్టుకుంది. అబ్బాయి బంగారమే. మరి వాళ్ళమ్మో? అత్త ఎలాంటిదో తెలియకుండా అవునని ఎలా చెప్పడం?

సాయంత్రం ఇంట్లో అదే మాట మీద కూర్చుంది. అబ్బాయికి వంక లేదు, తల్లి సంగతి తేలేదాకా తన నోట అవునన్న మాట రాదు అని భర్తకు తెగేసి చెబుతుండగా కూతురు పని నుంచి వచ్చింది. వస్తూనే కుర్చీలో కూలబడి పాదాలు నొక్కుకుంది.

"ఇవాళ కాళ్ళు పడిపోయాయమ్మా. ఎవరో ఒకావిడ, చూపు నిక్షేపంలా ఉంది, షాపులో ఉన్న కళ్ళజోళ్ళన్నీ తీయించి పెట్టుకుంది. ప్రతిదానికీ వంకే. నేనెక్కడ విసుక్కుంటానా అన్నట్టు నా మొహంలోకే చూస్తుంది. ఆఖరికి ఒక్కటీ కొనలేదు."

"కొనకపోతే పోనీలేవే. ఏమైనా అందా?"

"ఏమీ అనలేదమ్మా. వెళ్తూ వెళ్తూ మాత్రం నా తల నిమిరి, చేపలంటే నీకు భయం లేదు కదా తల్లీ, అని అడిగింది."