ఖాళీ సంచులు

వలకు చుట్టుకున్న పచ్చటి నాచును పిడికిళ్ళతో పీకి ఒడ్డుకు విసిరికొడుతున్నాడు జాలరి. దాని కింద ఒకటీ అరా చేపలు, అవీ చచ్చి కంపు కొడుతున్నాయి.

అంతలో ఏటి ఎగువన పొలం చేసుకునే బావ, ఖాళీ ఎరువు సంచుల కట్ట భుజాన వేసుకుని దిగాడు. చేపలు నింపుకోవడానికి పనికొస్తాయని ప్రతి ఏడూ తెచ్చిస్తుంటాడు.

"ఈసారి రెట్టింపు తెచ్చాను బామ్మర్దీ, పండగ చేసుకో!"

"ఏం నింపుకోమంటావు, నా తలకాయా? నెల్లాళ్ళుగా సముద్రం ఇలాగే తగలడింది. ఏ పాపిష్టి కన్ను పడిందో!"

"ఊరుకోరా. నా ఏడుపు ఎవడికి చెప్పుకోను? ఎరువు చల్లిన మర్నాడే కుండపోత. అంతా ఏట్లోకి కొట్టుకుపోయింది. మళ్ళీ చల్లాను. మళ్ళీ వాన, మళ్ళీ పోయింది."

జాలరి చెయ్యి వలలోనే ఆగిపోయింది. ఆ ఏరు సముద్రంలో కలిసేది సరిగ్గా తన పడవ ముందే. అటు చూశాడు. చేతిలోని నాచును చూశాడు.

ఓ సంచి లాగి, నాచు కుక్కి, మూతి బిగించి బావ కాళ్ళ ముందు పడేశాడు.

"ఇదేంట్రా?"

"కొట్టుకుపోయిందన్నావుగా నీ ఎరువు. నాచై మొలిచి నా వలకి దొరికింది. మోసుకుపో."

బావ నవ్వబోయాడు. జాలరి అప్పటికే రెండో సంచి దులుపుతున్నాడు.