కొండ అవతల

"మెషీన్ మీద నిలబడండి సార్, బరువు చూడాలి" అంది హెలికాప్టర్ టికెట్ల కౌంటర్లో అమ్మాయి. మెడలో వేలాడే కార్డు మీద యోగిత అని పేరుంది.

పాల్ రాజు చెప్పులు విడిచి ఎక్కాడు. ఇన్నాళ్లూ మామిడికాయలు తూయించడమే గానీ తను తూకం ఎక్కడం ఆయనకు కొత్త. ఆయన దిగాక ఇన్నమ్మ ఎక్కింది.

"సముద్రం వైపు సీట్లు ఇస్తానండీ. అందరూ అవే అడుగుతారు."

"వద్దమ్మా. కొండ వైపు ఇవ్వు" అన్నాడు పాల్ రాజు.

"అటేముందండీ చూడ్డానికి?"

"మా అబ్బాయి అటే ఉంటాడు."

యోగిత ముఖం విచ్చుకుంది. "అబ్బాయిని పైనుంచి చూస్తారన్నమాట. ఏం చేస్తారండీ ఆయన?"

"తోటపని. మామిడి అంట్లు కడుతున్నాడట. ముందు రాజమండ్రిలో ఉండేవాడు, పోయినేడు వైజాగ్ మార్చారు."

"మరి ఆయన్నీ వెంట తీసుకురావాల్సిందండీ."

పాల్ రాజు జేబులో చేతిరుమాలు వెతుక్కోసాగాడు. ఇన్నమ్మే జవాబు చెప్పింది.

"వాళ్ల నాన్నతో వాడు మాట్లాడడమ్మా."

యోగిత టికెట్ల మీద సీటు నంబర్లు రాసి, "పైలట్ గారికి చెప్తానండీ. తిరిగొచ్చేటప్పుడు కొండ మీదుగా మలుపు తీసుకుంటారు. కాకపోతే దూరంగా కనిపిస్తుంది" అంది.

"అంతే చాలు తల్లీ."

ఇద్దరూ షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నారు. పొద్దున చర్చిలో పూజ చూసుకుని నేరుగా వచ్చారేమో, ఇన్నమ్మ చేతిలో జపమాల అలాగే ఉంది. ఆమెకు ఈ ప్రయాణం మొదట్నించీ ఇష్టం లేదు. కొడుకును చూడ్డానికి ఎప్పుడూ తనొక్కతే వచ్చేది. పాల్ రాజు చాట్రాయి నుంచి హనుమాన్ జంక్షన్ దాకా బండి మీద తీసుకొచ్చి, బస్సెక్కించి, బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడేవాడు. తిరిగొచ్చాక ఒకే మాట అడిగేవాడు. "చిక్కాడా?"

ఒక్కసారి మాత్రం రాజమండ్రికి తనూ వచ్చాడు. పొద్దుట్నించి సాయంత్రం దాకా గేటు బయట చెట్టు కింద కూర్చున్నాడు. 'నాకు నాన్న లేడు' అని లోపల్నించి కబురు పంపాడు చార్లెస్. పాల్ రాజు లేచి పంచె దులుపుకుని, "పద, బస్సు దొరకదు" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ వస్తానని అడగలేదు.

వైజాగ్‌లో హెలికాప్టర్ తిప్పుతున్నారని టీవీలో చూసిన రోజు మాత్రం ఆయనకు అన్నం సయించలేదు. "మీదనుంచి చూస్తే వాడు కాదనలేడు కదా" అన్నాడు.

నిన్న బయల్దేరేటప్పుడు తోట తాళం జోజమ్మకిచ్చారు. తోటకు కాపలా ఉన్న ఆరోగ్యం పోయాక, అతని భార్య జోజమ్మ మంచీచెడూ పాల్ రాజే చూస్తున్నాడు. "చిన్నబాబును చూడ్డానికా అమ్మగారూ?" అని అడిగింది జోజమ్మ. ఇన్నమ్మ తల దించుకుని అవునంది.

చార్లెస్‌కు ఈ సంగతి ఫోన్లో చెప్పింది ఇన్నమ్మే. "ఆదివారం పొద్దున మీ నాన్న ఆకాశంలో మీ మీదుగా వెళ్తాడురా." "ఇక పెట్టేయాలమ్మా" అని మాత్రం అన్నాడు.

హెలికాప్టర్ లేచింది. చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్లో పైలట్ గొంతు ఓడలు చూపిస్తోంది, బీచ్ రోడ్డు చూపిస్తోంది. పాల్ రాజు ఒక్కసారి కూడా నీళ్ల వైపు తిరగలేదు. అద్దానికి నుదురు ఆనించి కొండనే చూస్తున్నాడు.

"మీరు అడిగిన మలుపు ఇదేనండీ" అన్నాడు పైలట్.

కొండ అడ్డు తొలిగింది. చెట్ల మధ్య తెల్లటి పొడవాటి కట్టడాలు, వాటి చుట్టూ గోడ, మధ్యలో ఖాళీ స్థలం కనిపించాయి.

"అదిగోనండీ" అని వేలు చూపించింది ఇన్నమ్మ.

"ఆ చెట్లు వాడు పెంచినవేనంటావా?"

"కొన్ని వాడివే అయ్యుంటాయి."

నీడలో మనుషులు చుక్కల్లా ఉన్నారు. వాళ్లలోంచి ఒక చుక్క విడివడి ఎండలోకి వచ్చింది. ఖాళీ స్థలం నడుమ కదలకుండా నిలబడింది.

"ఇన్నమ్మా, వాడేనా?"

ఆ ఎత్తు నుంచి ఎవరో ఆనవాలు పట్టడం ఎవరి తరమూ కాదు. "వాడే" అంది ఇన్నమ్మ.

పాల్ రాజు అరచెయ్యి అద్దానికి ఆనించాడు. కొండ మళ్లీ అడ్డొచ్చేదాకా తియ్యలేదు.

కిందికి దిగాక యోగిత ఎదురొచ్చింది. "కనిపించారాండీ?"

"కనిపించాడమ్మా. చిక్కలేదు" అన్నాడాయన.

ఆటో కోసం రోడ్డు దాకా నడిచారు. దారిలో పాల్ రాజు ఆగిపోయాడు. భుజాలు కదిలిపోతున్నాయి. ఇన్నమ్మ సంచీ కింద పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకుని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

"నేను చేసింది తప్పంటావా?"

ఈ మాట ఆయన చాలాసార్లు అడిగాడు. ప్రతిసారీ ఆమె అక్కణ్నించి లేచి వెళ్లిపోయింది. ఇప్పుడు వెళ్లలేదు.

"తప్పు కాదండీ" అంది. "నా కడుపుకోత తగ్గలేదు గానీ, మీరు చేసింది తప్పు కాదు."

ఆరోగ్యాన్ని చంపిన కేసులో చార్లెస్‌ను జైలుకు పంపింది పాల్ రాజు సాక్ష్యమే.