కాగితాల వాన

తెర మీద హీరో తలుపు తన్ని లోపలికొచ్చాడు.

అంతే, హాల్లో కాగితాల వాన మొదలైంది.

దేశం కాని దేశంలో, నెలకొక్క ఆదివారం పొద్దున మాత్రమే పడే తెలుగు సినిమా అది. ఆ వాన కురిపించే మనిషిని అందరూ బావ అంటారు. అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. అట్టపెట్టెల గోదాములో పని. నెలంతా చిత్తుకాగితాలు పోగేసి, ముక్కలుగా చించి, సంచి నిండా నింపి తెచ్చేవాడు. ఈల వేశాడంటే పక్కవాడి చెవి మధ్యాహ్నం దాకా పనిచేసేది కాదు.

"ఇవన్నీ ఎవరెత్తుతారండీ?" అని భార్య ఓసారి అడిగింది.

"హాలువాళ్లే. వాళ్లకేం, ఇక్కడ అన్నిటికీ మిషన్లుంటాయి. నువ్వు చల్లు!"

ఆమె దోసిలి నిండా తీసుకుని చల్లింది.

చల్లక ఏం చేస్తుంది? ఆమె పని హోటళ్ల దుప్పట్లు ఉతికే చోట. యంత్రాల హోరు, తలో భాష మాట్లాడే మనుషులు. మొగుడు ఇంటికొచ్చే వేళకి ఆమె డ్యూటీకి పోవాలి. ఇద్దరూ పక్కపక్కన కూచుని నవ్వుకునేది నెల మొత్తానికి ఈ ఒక్క పూటే. ఈ పూట కోసమే మిగతా రోజులన్నీ ఎలాగో నెట్టుకొచ్చేది.

ఆ రోజు ఆట వదిలారు. బయటికొచ్చాక ఆమె చెవి తడుముకుని లబోదిబోమంది.

"ఏవండీ, నా కమ్మ! మా అమ్మ పెట్టిన కమ్మ!"

బావ వెనక్కి పరుగెత్తాడు.

హాలంతా ఖాళీ. వెనకసీటాయన ఒక్కడే మిగిలాడు. ప్రతి ఆటకీ వస్తాడు, చిట్టచివరి వరసలో కూచుంటాడు. ఈల వెయ్యడు, చప్పట్లు కొట్టడు. అందరూ లేచినా తను లేవడు. అంతకు మించి ఆయన గురించి ఎవరికీ తెలీదు. ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడాయన మోకాళ్ల మీద వంగి, సీట్ల కింద చెయ్యి పెట్టి తడుముతున్నాడు. పక్కన ఉబ్బిన సంచి.

బావకి చిర్రెత్తుకొచ్చింది.

"ఏం పెద్దాయనా, ఏమైనా దొరికిందా?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "అబ్బే, ఏం లేదు బాబూ. కాగితాలు."

"కాగితాల కింద?"

"కింద కూడా కాగితాలే బాబూ."

"అందుకేనా ప్రతిసారీ అందరూ పోయేదాకా కాచుక్కూచునేది? మా ఆవిడ చెవి కమ్మ తియ్యి!"

బావ సంచి లాక్కుని నేల మీద బోర్లించాడు. బోలెడు కాగితాలు పడ్డాయి. కాలితో కెలికి చూశాడు. కమ్మ లేదు.

అప్పటికే నలుగురూ గుమ్మంలో చేరి చూస్తున్నారు. ఇప్పుడు తగ్గితే చిన్నతనం అనిపించింది బావకి.

"ఇంకెప్పుడూ మా ఆటకి రాకు. నీలాంటివాళ్ల వల్లే పరాయి దేశంలో మన పరువు పోయేది!"

ఆయన మొహం చిన్నబోయింది. కింద పడ్డ కాగితాల వంక దిగులుగా చూశాడు.

"కొంచెం ఆగు బాబూ, ఇవి ఎత్తేసి పోతాను."

"ముందు కదులు!"

ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి ఆమె శాలువా విప్పితే, అంచుకు చిక్కుకున్న కమ్మ టప్పున కింద పడింది.

ఆమె నాలుక కరుచుకుంది. "అయ్యో, పెద్దాయన్ని ఎన్నేసి మాటలన్నారండీ!"

బావకి తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం సయించలేదు.

"వచ్చే నెల అందరి ముందే క్షమించమని అడుగుతాను. మొదటి గుప్పెడు ఆయన చేతే చల్లిస్తాను, చూడు."

అన్నట్టే ఆయన కోసం వేరే చిన్న సంచి నింపాడు. ఆదివారం అందరికన్నా ముందే భార్యతో హాలుకి వచ్చాడు.

తలుపులు మూసి ఉన్నాయి. బయట మేనేజరు నిలబడ్డాడు.

"ఇక మీ సినిమాలకి హాలు ఇవ్వం."

"మేమేం చేశాం సార్?" వచ్చీరాని వాళ్ల భాషలో అడిగాడు బావ.

"పోయిన నెల మీ తర్వాతి ఆటకి మావాళ్లొస్తే లోపలంతా కాగితాలు. పెద్ద గొడవైంది. ఇన్నాళ్లూ ఒక్క ముక్క కూడా ఉండేది కాదు."

"మీకు మిషన్లు..." బావ నసిగాడు.

"మిషన్లేమిటి? ఆటకీ ఆటకీ మధ్య మాకు తుడిచే తీరికెక్కడిది? మీ పెద్దాయనే ఏరేవాడు."

భార్య బావ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిన్న కూడా వచ్చి బతిమాలాడు," అన్నాడు మేనేజరు. "తప్పంతా తనదేనట. నడుం పట్టేసి ఎత్తలేకపోయాడట. మా ఓనరు వినలేదు."

"ఆయన ఇల్లెక్కడ సార్?"

"మీ మనిషే కదా, మీకు తెలీదా?"

బావ వెనక్కి తిరిగి, అప్పుడే వస్తున్నవాళ్లని అడిగాడు. ఎవరికీ తెలీదు. ఆయన పేరు కూడా తెలీదు.

బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతిలోని సంచులు రెండూ చెత్తబుట్టలో పడేసి వచ్చాడు.

"ఇకమీద కాగితాలు చల్లం సార్. ఒట్టు."

మేనేజరు నిట్టూర్చాడు.

"మొదట్లో హాలు ఇమ్మని మా చుట్టూ తిరిగింది ఆయనే. మీవాళ్లు కాగితాలు చల్లుతారని విని, చల్లకపోతేనే ఇస్తామన్నాం. ఆయనే ఒప్పుకోలేదు. 'నెలంతా నోరు మూసుకుని బతికేవాళ్లు సార్, ఆ కాస్తా చల్లుకోనివ్వండి, ఏరడానికి నేనున్నాను' అన్నాడు."