ఈడ లేదని తేలింది

బోరు లారీ తెల్లటి రాతిపొడి చిమ్ముతాండాది. చుక్క నీళ్లు లేవు. ఈడ నీళ్లున్నాయని మా చిన్నాయన గురుమూర్తి అరచేతిలో టెంకాయ నిలబెట్టి చూపించిన చోటే అది.

ఈ పొద్దు కోసమే కాచుకోనుంటి.

"ఏం చిన్నాయనా, లేనిదాన్ని వెతికేదానికి ఇంత పెద్ద మిషనా?" చుట్టూ ఉన్నోళ్లంతా వినేట్టు అడిగినా.

కట్టబోయే కొత్త మిషన్లో, ఉందో లేదో తెలియని కణాన్ని వెతుకుతామని ఫిజిక్సు పరిశోధన చేసే నేను చెప్తే, పెండ్లి పందిట్లో ఆయన అందరినీ నవ్వించిన మాటే అది.

చిన్నాయన మొహమ్మీది దుమ్ము తుడుచుకున్నాడు.

"ఈడ లేదని తేలింది గదా పాపా. ఇంగ ఆపక్క చూద్దాం."

పాత మిషన్లో దొరకలేదు గదా అంటే, ఆపొద్దు నేనిచ్చిన జవాబూ ఇదే. దానికి అందరికంటే గట్టిగా నవ్వింది ఈయనే.

"ఆపక్కా దుమ్మే వస్తే?" కసి తీరక అడిగినా.

"మీ కొత్త మిషన్లోనూ ఏమీ రాకపోతే నువ్వేం చేస్తావు?"

"ఇంకా పెద్ద మిషన్ అడుగుతా," అన్నా, పళ్లు కొరుక్కుంటా.

"నేనూ అంతే," అని టెంకాయ నా చేతిలో పెట్టినాడు.