పెద్దది చిన్నబడిలో

"పెద్దది చిన్నబడిలో ఉండిపోవడమేమిటి, చిన్నది పెద్దబడికి పోవడమేమిటి! పేపర్లు తారుమారయ్యాయి సార్, మళ్లీ చూడండి."

అమ్మ కుట్టుమిషన్ మీంచి లేచినది లేచినట్టే చిన్నబడికి వచ్చేసింది. మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. హెడ్మాస్టరు ఆ మాటకు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

బల్లకు ఇవతల పిల్లలిద్దరూ నిలబడ్డారు. కవలలు. ఎనిమిది నిమిషాలు ముందు పుట్టింది కాబట్టి అది పెద్దది, ఇది చిన్నది. ఇంట్లోనూ వీధిలోనూ వాళ్లకు అవే పేర్లు. ఆ ఎనిమిది నిమిషాల్లో తెలివంతా పెద్దదే మూటగట్టుకుని వచ్చేసిందని వీధిలో వేళాకోళం. చిన్నబడిలో అయిదో తరగతి అయ్యాక ఒక లెక్కల పరీక్ష ఉంటుంది. నెగ్గినవాళ్లు ఆరుకి వీధి చివర పెద్దబడికి వెళ్తారు. తప్పినవాళ్లు మళ్లీ అయిదులోనే కూర్చుంటారు. అమ్మకు ఎంత నమ్మకమంటే, పెద్దబడి నీలం గౌను ఒక్కటే కుట్టి పెట్టింది. రెండోదానికి గుడ్డ కూడా తేలేదు.

ఆ గౌను ఇప్పుడు చిన్నదానిది. చిన్నదానికి మాత్రం ఏమీ అనిపించడం లేదు. పొద్దున గోడకు అంటించిన జాబితాలో తన పేరు చూసినప్పుడు ఒక్క క్షణం గుండె ఎగిరిపడింది. వెంటనే అక్క పేరు కోసం వెతికింది. లేదు. పైనుంచి మళ్లీ చదివింది. లేదు. ఏడుపైనా రావాలి కదా, అదీ రాలేదు.

అమ్మ చిన్నదాని భుజం పట్టుకుంది. "నిజం చెప్పు. అక్క పేపరు మీద నీ పేరు రాసుకున్నావా?"

"లేదమ్మా."

"మరెలా నెగ్గావే? పన్నెండో ఎక్కం అప్పజెప్పమంటే కడుపునొప్పి వచ్చేది కదే నీకు!"

చిన్నది ఏమని చెప్తుంది? మూడు నెలలు, మిషన్ వెనక గుడ్డపీలికల మూట మీద కూర్చుని, అమ్మ తొక్కే చప్పుడులో ఎవరికీ వినిపించకుండా ఎక్కాలు వల్లెవేసింది. బళ్లో వేసిన రోజు నుంచీ అక్కా తనూ ఒకే బెంచీ. అక్క పెద్దబడికి వెళ్లిపోతే ఆ బెంచీ మీద ఒక్కతే కూర్చోవాలి. ఆ భయమే దానికి లెక్కలు నేర్పింది. అక్కకు కూడా చెప్పలేదు. చెప్పి తప్పితే పరువు పోతుందని.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం? మాట్లాడు!"

"ఆగండమ్మా," అన్నాడు హెడ్మాస్టరు. "పరీక్షప్పుడు ఇద్దర్నీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టాం. పేపర్లు దిద్దింది కూడా పెద్దబడి వాళ్లే. జాబితా ఖాయమైపోయింది. నేను చూడగలను గానీ మార్చలేను."

అయినా బీరువాలోంచి కట్ట తీసి, తాడు విప్పి, చిన్నదాని పేపరు బల్ల మీద పెట్టాడు. కోడి కెలికినట్టున్న రాత. ప్రతి ఏడు అంకెకూ నడుం దగ్గర ఒక అడ్డగీత. అలా గీయొద్దని అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసిందో.

"దీని రాతే," అంది అమ్మ. చెయ్యి భుజం మీంచి జారింది. "ఇరవైకి పధ్నాలుగా!"

పెద్దది కిటికీలోంచి బయటికి చూస్తోంది, ఈ గొడవ పక్కింటివాళ్లదైనట్టు.

హెడ్మాస్టరు దాని పేపరు తీశాడు. ముత్యాల్లాంటి అంకెలు. ఇరవైకి సున్నా. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, కాగితాన్ని కొంచెం పక్కకు తిప్పాడు. కుడివైపు అంచున చిత్తు లెక్కలకు వదిలిన ఖాళీ నిండా సన్నటి రాత. దిద్దేవాళ్లు అటు చూడరు. జవాబు చూసి సున్నా చుట్టేస్తారు.

"ఒకటో లెక్క. చిత్తులో నూట నలభై నాలుగు వచ్చింది. సరైనదే. జవాబు దగ్గర నూట నలభై అయిదు వేసింది." వేలు కిందికి జరిపాడు. "రెండోది. చిత్తులో అరవై. ఇక్కడ అరవై ఒకటి. మూడోది..."

ఆయన గొంతు నెమ్మదించింది. చివరిదాకా లోలోపలే చూసుకుని పేపరు మడిచాడు.

"మీ పెద్దదానికి ఇరవైకి ఇరవై లెక్కలూ వచ్చాయమ్మా. వచ్చాక, అన్నిటికీ ఒకటి కలిపింది."

అమ్మ మెడలోని టేపును రెండు చేతులా పట్టుకుంది. "ఎందుకే?"

పెద్దది అమ్మ వైపు చూడలేదు. పొద్దుటి నుంచి మొదటిసారి చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వు ఎలాగూ తప్పుతావనుకున్నానే."